మూతపడిన పాటల కొట్లు

గుంటూరు జిల్లాలో మాది ఒక చిన్న పట్నం. కాలువ మీది వంతెన దాటగానే ఎడమచేతి వైపు, సైకిలు షాపుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఒక పాటల కొట్టు ఉండేది. వెడల్పు మహా అయితే ఆరడుగులు. మూడు గోడలకూ నేల నుంచి కప్పు దాకా చెక్క అరలు, అరల నిండా క్యాసెట్లు, బల్ల మీద రెండు టేపు రికార్డర్లు, బల్ల వెనుక ఎత్తు స్టూలు మీద ఒక పెద్దమనిషి. కొట్టుకి బోర్డు మీద ఏదో పేరు ఉండేది గానీ ఆ పేరుతో పిలిచినవాళ్ళను నేనెరగను. అందరికీ అది పాటల కొట్టే. మొన్న ఊరు వెళ్ళినప్పుడు చూస్తే అక్కడ సెల్‌ఫోన్ల తొడుగులూ చార్జర్లూ అమ్ముతున్నారు. అరలు మాత్రం పాతవే. క్యాసెట్టు కొలతకు కొట్టించిన అరలు కనుక ఫోను తొడుగులు వాటిల్లో నిలబడక, అడ్డంగా పడుకోబెట్టి ఉన్నాయి.

ఆన్‌లైను అంగళ్ళు వచ్చి పాటల కొట్లను మింగేశాయన్న మాట తరచుగా వింటుంటాం. అమెరికా విషయంలో అది సగం నిజం. మన విషయంలో ఆ సగం కూడా కాదు. మన కొట్లు పోయిన వరుస వేరు, కారణాలు వేరు. పోతూ పోతూ అవి తమతో తీసుకుపోయినవి కూడా వేరు. కొంచెం మొదటి నుంచీ చెప్పుకోవాలి.

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గారి చేత పాడించాడు. ఆ పాటల మూలఫలకాలు ఓడెక్కి జర్మనీలోని హానోవర్ వెళ్ళి, అక్కడ రికార్డులుగా అచ్చయి, మళ్ళీ ఓడెక్కి మనకు అమ్మకానికి వచ్చాయి. విచిత్రమేమంటే ఆ రికార్డుల తయారీకి ముఖ్యమైన ముడిసరుకు లక్క, అది వెళ్ళిందీ ఎక్కువగా మన దేశం నుంచే. 1908 ప్రాంతంలో కలకత్తాలోనే కర్మాగారం పెట్టిన తరువాత గాని ఈ ప్రదక్షిణం ఆగలేదు.

ఆ రోజుల్లో పాటల కొట్టంటూ విడిగా ఒకటి లేదు. గడియారాలు, సైకిళ్ళు, హార్మోనియాలు అమ్మేవాళ్ళే గ్రామఫోన్లూ అమ్మేవారు. కలకత్తాలో హేమేంద్రమోహన్ బోస్ గారు కుంతలీన్ తలనూనె అమ్మారు, సైకిళ్ళు అమ్మారు, రవీంద్రుడి గొంతును మైనపు గొట్టాల మీద రికార్డు చేసి అదీ అమ్మారు. దక్షిణాన కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది. కారైక్కుడిలో ఏ.వి. అండ్ సన్స్ అనే చిన్న దుకాణంలో గ్రామఫోను రికార్డులు అమ్మేవారు. ఆ దుకాణందారుగారి అబ్బాయికి, ఎవరో తయారుచేసినవి అమ్మడమెందుకు, మనమే తయారుచేస్తే పోదా అని తోచింది. మిత్రులతో కలిసి మద్రాసులో సరస్వతీ స్టోర్స్ పెట్టి, జర్మనీ వారి ఓడియన్ కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఆయనే ఏ.వి. మెయ్యప్పన్. మన 1940 నాటి 'భూకైలాస్' తీసినవారు, తరువాత ఏ.వి.ఎం. స్టూడియో కట్టినవారు. అంటే మనం చూసిన ఎన్నో సినిమాల వేరు వెతుక్కుంటూ పోతే ఒక రికార్డుల కొట్టు దగ్గర తేలుతుంది.

సినిమా పాట రాకముందు తెలుగు ఇళ్ళల్లో మోగిన రికార్డుల్లో పెద్దపీట రంగస్థల పద్యాలదే. కపిలవాయి రామనాథశాస్త్రి గారి వంటి నటగాయకులు నాటకశాలకు రాలేనివారి ఇళ్ళకు ఆ బూరలోంచే వెళ్ళారు. 78 రికార్డుకు ఒక్కో పక్క మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే నిడివి. వేదిక మీద రాగం లంకించుకుని, వన్స్ మోర్లు వేయించుకుని, పావుగంట సాగదీసిన పద్యాన్ని మూడు నిమిషాల్లోకి కుదించడమంటే సామాన్యమైన శిక్ష కాదు. నాటకాన్ని రికార్డు పాడుచేసిందని కొందరూ, పద్యానికి బిగువు నేర్పిందని కొందరూ అంటారు. నాకు రెండో మాటే నచ్చుతుంది. ఇంకొక సంగతి. ఉక్కు ముల్లును ఒక పక్క వాయించగానే మార్చాలి, లేకపోతే గాడి అరిగిపోతుంది. మన ఇళ్ళల్లో ఒకే ముల్లును వారాల తరబడి నెట్టుకొచ్చేవారు. ఇవాళ దొరుకుతున్న పాత రికార్డుల్లో చాలా వాటి గరగరకు కారణం కాలం కాదు, మన పొదుపు.

పల్లెటూళ్ళ వరకూ చెప్పుకుంటే రికార్డులు కొనగలిగిన ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని. అసలు కొనుగోలుదారులు మైకుసెట్టు వాళ్ళు. పెళ్ళయినా, పుష్పవతి ఫంక్షనయినా, శ్రీరామనవమి పందిరయినా చింతచెట్టుకు బూర కట్టి తెల్లవారుజామున భక్తి పాటతో మొదలుపెట్టి రాత్రి దాకా ఊరంతటికీ వినిపించేవారు. కొత్త సినిమా రికార్డు ముందుగా ఎవరు తెస్తే ఆ మైకుసెట్టుకే ఆ నెల పెళ్ళిళ్ళన్నీ. కనుక వాళ్ళు పట్నంలోని డీలరు దగ్గర ముందే డబ్బు కట్టి వేచి ఉండేవారు. 'ముత్యాలముగ్గు'లో రావు గోపాలరావు గారి మాటలూ, 'దానవీరశూరకర్ణ'లో ఎన్టీ రామారావు గారి మాటలూ సినిమా చూడనివాళ్ళకు సైతం కంఠతా వచ్చాయంటే ఆ చింతచెట్ల మీది బూరల చలవే.

సరే, అక్కడి నుంచి క్యాసెట్టు. ఫిలిప్స్ వారు దాన్ని 1963లోనే తెచ్చినా మన వీధుల్లోకి వచ్చింది 1980ల మొదట్లో. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు టూ-ఇన్-వన్ తేవడం, దాన్ని ముందుగదిలో జేబురుమాలు కప్పి ఉంచడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు రికార్డు కొనాలంటే హెచ్.ఎం.వి. వారు దయతలచాలి. క్యాసెట్టు తయారుచేయడానికి అంత పెద్ద కర్మాగారం అక్కరలేదు. 1983లో మొదలైన టి-సిరీస్ ఉత్తరాదిన చేసిన పని అందరికీ తెలిసిందే. అప్పటి కాపీరైటు చట్టంలోని వెర్షన్ రికార్డింగు వెసులుబాటును పట్టుకుని, పాత పాటలను కొత్త గొంతులతో పాడించి చవకగా అమ్మింది. మనవైపు లహరి, ఆదిత్య వంటి కంపెనీలు సినిమా పాటల హక్కులకు పోటీపడ్డాయి. ఏకఛత్రాధిపత్యం కూలిపోయింది. దానితోబాటు హరికథలు, బుర్రకథలు, భజనలు, పద్యనాటకాలు, ఏ కొండ మీది దేవుడికి ఆ కొండ మీది సుప్రభాతం, అన్నీ క్యాసెట్టెక్కాయి. మా కాలువగట్టు కొట్టు పుట్టింది ఆ వెల్లువలోనే.

ఆ కొట్టు బతుకుతెరువులో కంపెనీ క్యాసెట్ల వాటా సగమే అనుకుంటాను. మిగతా సగం పాటలు నింపివ్వడం. కాగితం మీద పన్నెండో పద్నాలుగో పాటల పేర్లు రాసుకుని వెళితే, అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టులో వాటిని వరుసగా ఎక్కించి, రెండు రోజుల తరువాత ఇచ్చేవాడాయన. ఇది చట్టవిరుద్ధమని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. దీన్ని దాచిపెట్టి ఆయన్ను సంస్కృతీ రక్షకుడిగా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. 1984లో చట్టం సవరించి, శిక్షలు పెంచి, ప్రతి క్యాసెట్టు మీదా తయారుచేసినవారి పేరూ చిరునామా, హక్కుదారు పేరు, విడుదల సంవత్సరం ఉండాలని నిర్బంధం చేశారు. మా కొట్టాయన ఈ నియమాన్ని తన పద్ధతిలో పాటించేవాడు. నింపిచ్చిన ప్రతి క్యాసెట్టు అట్ట మీదా ఎర్ర సిరాతో సినిమా పేరు, నీలి సిరాతో పాట, దాని కింద సన్నటి అక్షరాలతో రచయిత, పాడినవారు, సంగీతం. ఏ పాటలోనైనా మూలంలోనే దోషముంటే అదీ రాసేవాడు. దొంగ సరుకు మీద ఇంత నిజాయితీ ఎందుకో నాకు అప్పుడు నవ్వొచ్చేది.

ఆయన అసలు సరుకు జ్ఞాపకం. "ఏదో పాటండీ, నాగేశ్వరరావు పడవలో వెళుతూ పాడతాడు" అంటే, "తెల్ల పంచెలోనా, ప్యాంటులోనా?" అని అడిగేవాడు. రెండు ప్రశ్నల్లో పాట తేలిపోయేది. మీరడిగినది ఇస్తూ, అదే రచయితది ఆడని సినిమాలో ఇంకొకటుంది వినండంటూ మరొకటి అంటగట్టేవాడు. నేను ఆత్రేయనీ ఆరుద్రనీ వేరుచేసి పోల్చుకోవడం నేర్చింది ఏ పుస్తకంలోనూ కాదు, ఆ బల్ల ముందు నిలబడి.

మా తాతయ్యకు కృష్ణరాయబారంలో ఒక పద్యం ప్రాణం. పిల్లప్పుడు పక్క ఊరి మోతుబరి ఇంటి అరుగు కింద నిలబడి గ్రామఫోనులో విన్నాడట. అది కపిలవాయి వారిదేనని ఆయన వాదన. ఒకసారి ఆయన్ను వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్ళాను. తాతయ్య అక్కడే నిలబడి, ఎక్కడ విరుపు, ఎక్కడ సాగదీత అన్నీ చూపిస్తూ పద్యమంతా పాడాడు. కొట్టాయన కళ్ళు మూసుకుని విని, "కపిలవాయి వారిది కాదు బాబాయిగారూ, ఆ బాణీ పట్టిన ఇంకొకాయనది. నాకు రెండు నెలలు టైమివ్వండి" అన్నాడు. రెండు నెలలు కాదు, ఐదు నెలలు పట్టింది. ఎవరో పాత మైకుసెట్టు ఆయన అటక మీద దొరికిన రికార్డు నుంచి ఎక్కించి తెచ్చాడు. తాతయ్య విని, ఇదేనన్నాడు. పాడినది ఎవరన్న విషయంలో మాత్రం తన పట్టు వదల్లేదు.

ఇక్కడ ఒకసారి సముద్రం దాటాలి. రికార్డు కొట్ల పతనమనగానే ప్రపంచమంతా చెప్పుకునే పేరు టవర్ రికార్డ్స్. శాక్రమెంటోలో తండ్రిగారి మందుల షాపులో రికార్డులు అమ్ముతూ మొదలుపెట్టిన రస్ సోలొమన్ 1960లో విడిగా కొట్టు తెరిచాడు. 1999 నాటికి సంస్థ అమ్మకాలు వందకోట్ల డాలర్లు. 2004లో దివాలా, 2006లో మళ్ళీ దివాలా, ఆ ఏడాది చివరికల్లా అమెరికాలోని కొట్లన్నీ మూత. నాప్‌స్టర్ 1999లో వచ్చింది, అమెజాన్ 1998 నుంచి సీడీలు అమ్ముతోంది, ఐట్యూన్స్ అంగడి 2003లో తెరిచారు. కాబట్టి ఆన్‌లైనే చంపిందనడం తేలిక. అయితే అంతకుముందే ఫ్రిజ్జులూ టీవీలూ అమ్మే పెద్ద కొట్లు జనాన్ని లోపలికి రప్పించడం కోసం సీడీలను అసలు ధర కంటే తక్కువకు ఇవ్వడం మొదలుపెట్టాయి. టవర్ వారేమో విస్తరణ కోసం 1998లో పదకొండు కోట్ల డాలర్ల అప్పు తెచ్చి నెత్తిన పెట్టుకున్నారు. ఒక్క పాట కోసం సీడీ మొత్తం కొనవలసిందేనని కంపెనీలు మొండికేశాయి. ఇన్ని రోగాలున్నవాడికి జలుబు చేసి పోతే జలుబుతోనే పోయాడనడం సబబేనా? జపానులో టవర్ రికార్డ్స్ 2002లోనే మాతృసంస్థ నుంచి విడిపోయింది. ఆన్‌లైను అక్కడికీ వచ్చింది, షిబుయాలోని బహుళ అంతస్తుల కొట్టు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

అమెరికాలోని తెలుగువాళ్ళకు టవర్‌తో పెద్దగా పనిపడలేదనుకోండి. వాళ్ళ పాటల కొట్టు కందిపప్పు, చింతపండు అమ్మే ఇండియన్ స్టోరే. గల్లా పక్కన తిరుగుడు స్టాండులో పాత క్యాసెట్లూ సీడీలూ ఉండేవి. ఆ స్టాండూ ఎప్పుడో మాయమైంది. కొట్లు ఉన్నాయి, కందిపప్పు ఆన్‌లైనులో దిగుమతి చేసుకునే వీలు లేదు కనుక.

మన ఊళ్ళలో దెబ్బ ఎటునుంచి వచ్చిందంటే, ఒకే సీడీలో నూటయాభై పాటలుగా వచ్చింది. ఎమ్పీత్రీ సీడీ ఒక్కటి పది పన్నెండు క్యాసెట్ల పని చేసేది. 2000 తరువాత బస్టాండుల్లో, సినిమాహాళ్ళ ముందు తోపుడుబళ్ళ మీద అవి గుట్టలుగా పోసి అమ్మారు. అట్ట మీద హీరో బొమ్మ, లోపల పాటల పేర్లు సైతం తప్పులతడక. రచయిత పేరు ఊసే లేదు. దాని తరువాత మెమరీకార్డు. ఫోన్లు బాగుచేసే కుర్రాడే కంప్యూటరు ముందు కూర్చుని, ఇరవయ్యో ముప్పయ్యో పుచ్చుకుని కార్డు నిండా పాటలు పోసిచ్చేవాడు. ఏ పాటలు అని అడిగే పనే లేదు, అన్నీ! మా కొట్టాయన చేసిన తప్పే వాడూ చేశాడు. తేడా ఏమిటంటే ఈయన పన్నెండు పాటలు మనం రాసిచ్చినవి ఎక్కించేవాడు, వాడు రెండువేల పాటలు ఎవరూ అడగనివి ఎక్కించాడు. అదే కాలంలో కంపెనీలకు కాలర్‌ట్యూన్ల ఆదాయం రుచి తగిలింది. క్యాసెట్టు కొట్ల గురించి పట్టించుకునే నాథుడు లేకపోయాడు. మా కొట్టు 2007లో మూసేశారు. ఫ్లిప్‌కార్ట్ పుట్టిన సంవత్సరం అది, పుట్టిన కొత్తలో అమ్మినవి పుస్తకాలు మాత్రమే.

అంటే, మన చిన్న కొట్లు ఆన్‌లైను అంగడి మొహం చూడకుండానే పోయాయి. ఆ అంగడి వచ్చి చూసేసరికి మిగిలినవి నగరాల్లోని పెద్ద షోరూములే. కలకత్తా పార్క్ స్ట్రీట్‌లోని మ్యూజిక్ వరల్డ్ 2013లోనూ, బొంబాయి కాలాఘోడాలోని ఎంతో పాతదైన రిథమ్ హౌస్ 2016లోనూ మూతపడ్డాయి. విశేషమేమంటే ఆన్‌లైనులో పాటలు అమ్మబోయినవాళ్ళు కూడా బాగుపడలేదు. ఫ్లిప్‌కార్ట్ వారు 2012లో ఫ్లైట్ అనే పేరుతో ఎమ్పీత్రీలు అమ్మడం మొదలుపెట్టి, 2013లో చేతులెత్తేశారు. డబ్బిచ్చి పాట కొనుక్కునే అలవాటు అప్పటికే చచ్చిపోయింది. 2016లో జియో వచ్చాక పాటను దాచుకోవలసిన అవసరమూ పోయింది.

పాటలు పోయాయా అంటే, పోలేదు. నేను కూడా రోజూ ఫోనులోనే వింటున్నాను. కొట్టాయన ఐదు నెలలు తిరిగినది నాకు అర నిమిషంలో దొరుకుతుంది, ఆ సుఖాన్ని కాదనను. నా బాధల్లా పేర్ల గురించి. ఫోనులో పాట కింద చాలాసార్లు సినిమా పేరూ, సంగీతదర్శకుడి పేరూ ఉంటాయి, గాయకులు ఒక్కోసారి ఉంటారు, రాసినవాడు ఉంటే అదృష్టం. 2012లో చట్టం సవరించి, రచయితకూ స్వరకర్తకూ రాబడిలో వాటా ఇవ్వాలన్నారు. వాటా సంగతి తరువాత, ముందు పేరైనా ఉండాలి గదా! సినిమా పాటలకు నయం, వెండితెర మీద పేర్లు పడ్డాయి, పాటల పుస్తకాలు అచ్చయ్యాయి. ఏ తెరా లేని పద్యాలకూ హరికథలకూ రికార్డు నడుమ అతికించిన ఆ గుండ్రటి కాగితమే ఆధారం. రికార్డు నుంచి క్యాసెట్టుకూ, క్యాసెట్టు నుంచి కంప్యూటరుకూ పద్యం దిగింది గాని కాగితం దిగలేదు. వి.ఎ.కె. రంగారావు గారి వంటివారు జీవితమంతా వేల రికార్డులు పోగుచేసి, వాటి మీది వివరాలతో సహా కాపాడారు. ఒక్కొక్కరు ఎంత మోయగలరు? అటువంటివారు వెతుక్కున్న మద్రాసు మూర్ మార్కెట్టు 1985లో తగలబడింది. ఊరికొకటిగా ఉన్న చిన్నపాటి జ్ఞాపకాల కొట్లు ఆ తరువాత ఇరవయ్యేళ్ళకు చడీచప్పుడు లేకుండా కట్టేశారు.

అమెరికాలో 2008 నుంచి ఏటా రికార్డు కొట్ల దినం జరుపుకుంటున్నారు. 2022లో అక్కడ సీడీల కంటే ఎల్.పి. రికార్డులే ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి, 1987 తరువాత అలా జరగడం అదే మొదలు. మనకు సారెగమ వారు 2017లో కారవాన్ అనే పెట్టె తెచ్చారు. హెచ్.ఎం.వి. వారసులే వాళ్ళు. ఐదువేల పాటలు ముందే నింపి ఉంటాయి. మా అమ్మకి ఒకటి కొనిచ్చాను. బాగుందంది. "ఇందులో పద్యాలు లేవేమిట్రా?" అని కూడా అంది.

తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. కిందటి వేసవిలో అటక సర్దుతుంటే ఆ క్యాసెట్టు దొరికింది. టేపుకి బూజుపట్టి పొరలు అతుక్కుపోయాయి, పెన్సిలుతో తిప్పబోతే తెగింది. ఆ పద్యం కోసం ఆన్‌లైనులో వెతికాను. లెక్కలేనన్ని దొరికాయి. ఒక దాంట్లో మాత్రం తాతయ్య ఆ రోజు కొట్టు ముందు నిలబడి చూపించిన విరుపు ఉన్నట్టే ఉంది. దాని కింద గాయకుడి పేరుండవలసిన చోట "తెలుగు పాత పద్యం" అని ఉంది, పక్కన ఒక కృష్ణుడి బొమ్మ. క్యాసెట్టు డబ్బాలోంచి అట్ట తీశాను. నీలి సిరా వెలిసిపోయింది గాని ఎర్ర సిరా నిలిచింది. రెండో పక్క, నాలుగోది, శ్రీకృష్ణరాయబారం. పాడినవారి చోట పూర్తిగా చెరిగిపోయి మొదటి అక్షరం మాత్రం కనబడుతోంది, అది 'క' కాదు. దాని కింద చిన్న అక్షరాలతో, "రికార్డు అరిగినది, చివరి పాదం గరగర. క్షమించగలరు" అని రాసి ఉంది.